మోగితే లేచే మనిషి

ఆ ఆసుపత్రిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. అందరికీ గంటల మాస్టారే. మూడో అంతస్తు చివరి గదిలో కూర్చుని ఆసుపత్రి కంప్యూటర్లన్నిటినీ కనిపెట్టుకుని ఉండటం ఆయన ఉద్యోగం. ఏ సర్వరు వేడెక్కినా, ఏ డిస్కు నిండుతున్నా ఆ గదిలో గంట మోగుతుంది, తెర మీద ఎర్ర గీత పడుతుంది, ఆయన ఫోనుకూ మెసేజ్ వెళ్తుంది. అలాంటి గంటలు మూడొందల పన్నెండు. అన్నీ ఆయన పెట్టినవే. ఒక్కటి ఆపమన్నా ఆయనకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో కుక్కరు విజిలేసినా లేచి నించుంటాడని వాళ్లావిడ వేళాకోళం చేస్తుంది. నిజమే, దాచడమెందుకు!

శుక్రవారం ఆయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషిని ఆయనే ఎంచాలి. మంగళవారం సాయంత్రం ఐదులోపు ఎవరో ఒకరి పేరు చెప్పకపోతే గదికి తాళం వేసి, పనంతా బయటి కంపెనీకి అప్పగిస్తామని డైరెక్టరు మేడం తేల్చి చెప్పేసింది. ఎక్కడో కూర్చుని పాతిక ఆసుపత్రుల్ని ఒకేసారి చూసేవాళ్లకు ఇక్కడి ల్యాబు రిపోర్టు గంట ఆలస్యమైతే ఏం పట్టింది? ఆ బెంగతో నాలుగు రోజులుగా మాస్టారికి ముద్ద దిగడం లేదు.

మంగళవారం పొద్దున ఇద్దరొచ్చారు. పరీక్ష ఒక్కటే. ఒక ప్రాక్టీసు మెషీను ఇచ్చి, దాన్ని కనిపెట్టుకునే ఏర్పాటు చేయమనడం. వేరే డిస్కు అడిగితే ఎవరిస్తారని, మాస్టారు ఆ మెషీన్ని ల్యాబు రిపోర్టుల డిస్కులోనే ఓ మూల సర్దేశాడు. పరీక్షే కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు.

మొదటివాడు చురుకైన కుర్రవాడు, మంచి మాటకారి. తనకొచ్చిన టూల్స్ పదిహేడూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. గంటకల్లా మెషీను నిండా గంటలే. అది చేసే ప్రతి చిన్న పనీ ఫైల్లో రాసిపెట్టేలా కూడా చేశాడు. మాస్టారి మొహం చేటంతయింది.

రెండో ఆమె వంతు మధ్యాహ్నానికి వచ్చింది. ముప్పై అయిదుంటాయి. బయోడేటాలో ఆరేళ్లు ఖాళీ. పరీక్షకు కూర్చుని, ముందు గదిలో తెరలన్నీ ఓసారి కలయజూసింది. అప్పటికే ఏవో నాలుగు గంటలు గోల పెడుతున్నాయి.

"సార్, ఇప్పుడు మోగుతున్నది దేనికండీ?"

"అదా... అది రోజూ మోగేదేనమ్మా."

"మోగితే ఎవరు లేచి ఏం చేయాలి?"

"ఏం చేయక్కర్లేదు. తెలియాలి, అంతే."

"ఏం చేయక్కర్లేకపోతే మోగడం దేనికండీ?"

ఎంత మాట! మాస్టారికి చుర్రుమంది. ఆమె ప్రాక్టీసు మెషీన్లో కుర్రవాడు పెట్టి వెళ్లిన నలభై గంటలూ ఆపేసి ఒక్కటంటే ఒక్కటే ఉంచింది, డిస్కు ఎనభై శాతం నిండితే ఫోనుకు మెసేజ్ వెళ్లేలా.

"ఈ ఆరేళ్లూ ఏం చేశావమ్మా?" కాస్త కటువుగానే అడిగాడు.

"మా నాన్నకి పక్షవాతం వచ్చిందండీ. మాట పడిపోయింది. చేతికి చిన్న బెల్లు కట్టాను. మొదట్లో మంచం కిర్రుమన్నా పరిగెత్తేదాన్ని. అలా వారం తిరిగేసరికి ఒళ్లు హూనమై, ఆయన నిజంగా కొట్టినప్పుడు లేవలేకపోయాను. ఆ రోజు నుంచి ఆ బెల్లు తప్ప ఇంకేదీ వినకూడదనుకున్నాను." బయోడేటా కాగితం మడత పెట్టుకుంది. "నాలుగు నెలలైందండీ ఆయన పోయి."

మాస్టారికి జాలేసింది. కానీ జాలి వేరు, ఉద్యోగం వేరు. "నా గదిలో ఏ గంటా ఆపరమ్మా. ఇంకోచోట చూసుకో," అనేశాడు. ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. వెళ్తూ మంచినీళ్లు తాగిన గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లింది.

మూడున్నరకు మాస్టారు మాటకారి పేరు రాసి, డైరెక్టరుకు పంపబోతున్నాడు. తలుపు తోసుకుని ఆమె వచ్చింది. మెట్లెక్కి వచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు.

"సార్, ఇక్కడి ఫోను ఎవరూ ఎత్తడం లేదు. మీ డిస్కు తొంభై ఆరు!"

"ఏ డిస్కు?"

"ప్రాక్టీసు మెషీనుది. మెసేజ్ వెళ్లాల్సిన చోట అలవాటు కొద్దీ నా సొంత నంబరు కొట్టేశానండీ. బుద్ధి లేకపోతే సరి! బస్టాపులో ఉండగా ఎనభై అని మోగింది, ఆ తర్వాత అంకె పెరుగుతూ మోగుతూనే ఉంది. ప్రాక్టీసుదే కదా అనుకుని వదిలేద్దామనుకున్నా. కానీ అంత వేగంగా నిండుతోందంటే..."

మాస్టారికి అప్పుడు తట్టింది. ఆ డిస్కే ల్యాబు రిపోర్టులది. అది నిండితే ఒక్క వార్డుకూ ఒక్క రిపోర్టూ వెళ్లదు. తెర వైపు తిరిగాడు. ఎర్ర గీతల గుంపులో ఆ కబురు పదకొండుసార్లు వచ్చి పడి ఉంది. గంట కూడా మోగే ఉంటుంది. ఫోనూ మోగే ఉంటుంది. ఆ గోలలో ఆయనకు వినపడలేదు.

"ఏదో రాసుకుపోతోంది సార్, చూడండి," అని ఆమె పక్క కుర్చీ లాక్కుంది. మాటకారి పెట్టి వెళ్లిన రాతే, పొద్దుటి నుంచి ఆగకుండా ఫైలు పెంచుతోంది. ఆమె దాన్ని ఆపింది. మాస్టారు ఆ పెద్ద ఫైలు తీసేశాడు. తొంభై తొమ్మిది దాకా వెళ్లిన అంకె అరవైకి దిగింది. కింద ల్యాబులో ఎవరికీ ఏమీ తెలియను కూడా తెలియదు.

మాస్టారు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు. "పదేళ్ల కిందట విసుగొచ్చి ఒక్క గంట ఆపానమ్మా. ఆ రోజే ఒక పసిబిడ్డ రిపోర్టు రెండు గంటలు ఇరుక్కుపోయింది. బిడ్డకేం కాలేదు. కానీ ఆ తల్లి వరండాలో నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పట్నుంచీ భయమేసినప్పుడల్లా ఒక గంట పెట్టుకుంటూ పోయాను."

"మూడొందల పన్నెండుసార్లు భయపడ్డారా సార్?" అందామె. అందులో ఎగతాళి లేదు. ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి.

"నేను కాదన్నాను కదా. మళ్లీ ఎందుకొచ్చావు తల్లీ?"

ఆమె వింతగా చూసింది. "మోగిందండీ. మోగితే లేవాలి కదా."

మాస్టారు కాగితం మీద పేరు కొట్టేసి ఆమె పేరు రాశాడు. ఐదుకు పది నిమిషాలుందనగా డైరెక్టరుకు ఫోన్ చేసి, "మనిషి దొరికిందమ్మా, తాళం అక్కర్లేదు," అన్నాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక్కో గంటా చూశారు. మోగితే ఎవరు లేవాలని ఆమె అడగడం, ఆయన తెల్లమొహం వేయడం, దాన్ని ఆపేయడం. రాత్రి తొమ్మిదయ్యేసరికి పంతొమ్మిది మిగిలాయి. గది సద్దుమణిగి ఫ్యాను చప్పుడు వినిపించింది. ఈ గదిలో ఫ్యానుకి చప్పుడుందని మాస్టారికి ఇన్నేళ్లకు తెలిసింది.

బయల్దేరబోతూ ఆమె నాలుక్కరుచుకుంది. "అయ్యో, నా నంబరు అలాగే ఉండిపోయింది సార్. తీసేస్తానుండండి."

"ఉండనీ తల్లీ," అన్నాడు మాస్టారు. పంతొమ్మిదింటి ఎదురుగా ఉన్న తన నంబరు ఒక్కొక్కటే చెరిపి, అక్కడ ఆమెది రాయడం మొదలుపెట్టాడు.