రాయికి పాడిన జోల

నేను ఒక వెదురు ఉయ్యాలను. నల్లమల అడవిలో, చెంచుల పెంటలో పుట్టాను. పెంటంటే వాళ్ళ గూడెం. బయమ్మ పెనిమిటి తొలిచూలు బిడ్డ కోసం నన్ను అల్లాడు. ఆ బిడ్డా, తర్వాతి వాళ్ళూ జ్వరాలకు రాలిపోగా లింగయ్య ఒక్కడే మిగిలాడు. అతని ముగ్గురు పిల్లలూ నాలోనే ఊగారు.

మూడో కాన్పులో లింగయ్య భార్య ఈదమ్మకు నెత్తురు ఆగలేదు. ఇంకోసారైతే తల్లి దక్కదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అత్త చెవికెక్కితేనా! ఖాళీ ఉయ్యాల వేలాడితే ఇంటికి అరిష్టమట. చంటివాడు దిగగానే బయమ్మ నాలో పొత్రం, అదే సన్నికల్లు మీద నూరే రాయి, పడుకోబెట్టి, గుడ్డ కప్పి, కోడలి కళ్ళెదుటే జోల పాడుతూ ఊపేది. ఏం చెప్పను నా ఖర్మ! నాకే సిగ్గేసేది.

"ఒకప్పుడు ఈ పెంట నిండ పొయ్యిలు మండుతుండె బిడ్డా. ఇట్ల తగ్గుకుంట పోతే మన చెంచోళ్ళ పేరు చెప్పెటోడు ఉంటడా?" అనేది. పిల్లల్ని మట్టిలో పెట్టిన మనిషి భయం అది. అందుకే ఈదమ్మ ఎదురు చెప్పలేక ఏడ్చేది.

పోనీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని ఈదమ్మ అడిగితే, పెంటకు వచ్చే నర్సమ్మదీ అదే పాట. "మీవోళ్ళే తక్కువున్నరు, మీకెందుకమ్మా?" అంది. మనుషుల చోద్యం చూడండి! అడవి కింది మైదానం ఊళ్ళలో ఇద్దరు పిల్లలు చాలని వెంటపడేది కూడా ఈమే. ఎక్కడైనా నొప్పులు పడేది ఆడమనిషే కదా.

ఆ రోజు ఈదమ్మ ఇక ఆగలేకపోయింది.

"అందరూ మేం తక్కువున్నమనే అంటున్నరు. మరి నేను సస్తే ఒకరు తగ్గరా? నన్ను లెక్కల పట్టరా?"

లింగయ్య తల వంచుకున్నాడు. బయమ్మ కోడలి మొహంలోకి చూసింది. తర్వాత లేచి, నాలోని పొత్రం తీసి సన్నికల్లు పక్కన పెట్టింది.

"నడువు బిడ్డా, దవాఖానకు నేను గూడ వస్త. పోగొట్టుకున్నోళ్ళు చాలు నాకు" అంది.

ఈదమ్మకు ఆపరేషన్ అయ్యాక నన్ను పక్క గుడిసెవాళ్ళకు ఇచ్చేశారు. ఇప్పుడు నాలో వాళ్ళ బుల్లి ఆడపిల్ల ఉంది, గొంతు మాత్రం పెంటంతా వినిపిస్తుంది. పొద్దున్నే గడ్డలు తవ్వడానికి అడవికి పోతూ ఈదమ్మ నన్ను ఓ ఊపు ఊపి పోతుంది. ఆ చేయి వెచ్చగా ఉంటుంది.