కల్లం మీది పదకొండు మంది

"ఇగ రేపటి సంది ఆడోళ్లను మిల్లుకు రావద్దన్నరు," అన్నాడు నా మొగుడు ఐలన్న, కంచంలో చెయ్యి కడుక్కుంటూ. పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. గిన్నెలు తోముతున్న నా చెయ్యి ఆగిపోయింది.

మా అమ్మమ్మ నర్సమ్మ హుజూర్‌నగర్ దగ్గర పల్లెలో దొరల ఇళ్ళల్లో వడ్లు దంచి బతికింది. మిల్లు రాగానే ఆ పని పోయింది. మా అమ్మ సైదమ్మ మిల్లునే వెతుక్కుంటూ మిర్యాలగూడ వచ్చింది. ఉడికించిన వడ్లను సిమెంటు కల్లం మీద పరిస్తే, ఎండలో కాళ్ళతో కలియదున్నినట్టు తిరుగుతూ ఆరబెట్టడం ఆడవాళ్ళ పని. అరికాళ్ళు బొబ్బలెక్కి, పగిలి, కొన్నేళ్ళకు మొద్దుబారిపోతాయి. పదేళ్ళ వయసులో అమ్మ వెనక నడవడం మొదలుపెట్టాను. అదే మిల్లులో బస్తాలు మోసే హమాలీ ఐలన్నకు నన్నిచ్చారు. ఎనిమిదో నెల కడుపుతోనూ ఆ కల్లం మీద నడిచాను. "మోసెటోనికి తెలుస్తది కష్టం. మీది తిరుగుడే గదా కాటమ్మా," అనేవాడు నాతో. మా అత్త నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

తొంభై నాలుగులో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ వచ్చింది. ఐలన్న ఆ మాట చెప్పిన మరునాడు కల్లం మీద నడిచే పదకొండు మందిమీ వెళ్ళి గేటు దగ్గర నిలబడితే మిల్లు సేటు బయటికొచ్చి, "మీ మొగోళ్లతోని రెండు నెలల కిందనే మాట్లాడిన. ఒప్పుకున్నరు. వాళ్లనే అడుగుండ్రి," అన్నాడు.

ఇంటికొచ్చి ఐలన్నను అడిగాను.

"హమాలీల పని తియ్యనని మాటిచ్చిండు. సంఘపోళ్లం ఒప్పుకున్నం," అన్నాడు.

"మరి మా సంగతి?"

"మీరు సంఘంల లేరు గద."

"ఎన్నడన్న చేర్చుకున్నరా?"

"పని పోతే ఏమైతది? ఇంట్ల పని లేదా నీకు?"

నెల గడిచింది. నాతో కల్లం మీద నడిచిన జానమ్మ, మొగుడు చనిపోయిన మనిషి, ఇంటింటికీ తిరిగి పాచిపని అడుగుతోంది. ఒకరోజు ఐలన్న హుషారుగా వచ్చాడు.

"మిషన్ కాడ ఊడ్సుడుకు ఒక్క మనిషి గావాలంట. నిన్ను పెట్టుకోమని అడిగిన. ఒక్క మాటకే ఒప్పుకున్నడు సేటు!"

ఆయన ముఖంలోకి చూశాను. ఆ ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు.

"అడిగితే ఇస్తడని ఎరికే గద నీకు," అన్నాను. "మరి మా పదకొండు మందికి అప్పుడెందుకు అడగలె?"

ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఆ పనికి జానమ్మను పంపించాను. హాలియా వైపు నాట్లకు కూలీల ట్రాక్టరు పోతుంటే ఎక్కాను. నాట్లు ఇరవై రోజులే. ఆ తర్వాత ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. ఎక్కేముందు మాత్రం ఆయన్ని అడగలేదు.