సుద్దగీతల ఇళ్ళు

ఇరవై ఏడేళ్ళుగా ఈ వీధికి పోస్టుమ్యాన్‌ని నేనే. యుద్ధానికి ముందు నేనొస్తే తలుపులు బార్లా తెరుచుకునేవి. "ఎండనపడి వచ్చావు, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళన్నా" అనేవారు. ఇప్పుడు పోయినవాళ్ళ కబురు మోసుకొచ్చే సైన్యం కవరు కూడా నా సంచిలోనే వస్తోంది. అందుకని నా చెప్పుల చప్పుడు వినబడితే చాలు, దభాలున తలుపులు వేసేసుకుంటున్నారు. చంపింది నేనా? ఒళ్ళు మండిపోతుంది. అంతకు మించి దిగులేస్తుంది. నాకు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఈ గుమ్మాల్లో నాలుగు మాటలు దొరికితేనే ఆ పూటకి నేనూ మనిషినే అనిపించేది.

మొన్న సందు మలుపులో పిల్లలు నేలమీద సుద్దముక్కతో గళ్ళు గీసుకుని, గడికొకరు చొప్పున కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఇస్త్రీ ఆయన కూతురు, అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, భుజాన పాత సంచి తగిలించుకుని అచ్చం నాలాగే కుడికాలు ఈడుస్తూ తిరుగుతోంది. ఒకడి ముందు ఆగి నేలమీద టకటకా కొట్టింది. వాడు బావురుమన్నట్టు నటించి గడిలోంచి లేచిపోయాడు.

"ఇదేం ఆటర్రా, భడవల్లారా!" అని కసిరాను.

"పోస్టాట తాతా. తలుపు కొడితే అవుట్. ఆఖరిదాకా ఎవరి తలుపు కొట్టనో వాళ్ళు గెలిచినట్టు." పిడుగు నన్ను ఎగాదిగా చూసింది. "ఒక ఇల్లు ఖాళీగా ఉంది. ఆడతావా?"

నాలుగు తిట్టాల్సింది. కానీ నన్ను ఇంట్లోకి రమ్మని ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో! సంచి దించి, మోకాళ్ళు పట్టుకుని గడిలో కూలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. టకటక. ఎవరో ఏడ్చారు. మళ్ళీ టకటక. అడుగులు నా ముందుకొచ్చాయి. కొట్టవే తల్లీ, ఒక్కసారి కొట్టు అనుకున్నాను, సిగ్గులేకుండా. ఆగకుండానే వెళ్ళిపోయింది.

కళ్ళు తెరిచేసరికి తక్కిన ఇళ్ళన్నీ ఖాళీ.

"తాత గెలిచాడోచ్!" అని పిల్లలంతా చప్పట్లు.

"నా తలుపెందుకు కొట్టలేదే?" అన్నాను.

"నీకెవరున్నారు తాతా?" అంది పిడుగు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు. "ఎవరు పోయారని చెప్పను?"

ఇంకో ఆట ఆడాం. మళ్ళీ నేనే గెలిచాను.