కుర్చీతో లేచిన సేనాపతి

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, శ్రావణంలో, మా నాయన నా కాపురాన్ని నలుగురి ముందు కూలగొట్టబోయాడు. అదీ నాటకం స్టేజీ మీద. వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపే మా నాయన వీరభద్రం అంటే ఆరేళ్లుగా ప్రతి నాటకంలోనూ సేనాపతే. కావలి కాస్తూ కునుకు తీసిన సిపాయికి ఇరవై కొరడా దెబ్బల శిక్ష వేసి, ఎందుకు వేయాల్సి వచ్చిందో ఆయన చెప్పే ఘట్టం కోసం జనం కాశిబుగ్గ నుంచి కూడా వచ్చేవారు.

ఆసారి సిపాయి వేషం కట్టే మొగిలికి జ్వరం తగిలింది. ఆషాఢమంతా పుట్టింట్లో ఉన్న నన్ను తీసుకుపోవడానికి మా ఆయన రాంచందర్, తల్లితో సహా, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అప్పుడే దిగాడు. అసలే నాటకాల పిచ్చి. చాయ్ తాగుతూనే "నేనేస్త" అన్నాడు.

మా అత్తమ్మ వరలక్ష్మి పట్టింపుల మనిషి. పెండ్లిలో తన తమ్ముడికి రెండో పంక్తిలో విస్తరి వేశారని రెండు నెలలు మా గడప తొక్కలేదు. ఇప్పుడు కొడుకును అందరి ముందూ కొట్టిస్తే నన్ను ఇక్కడే వదిలేసి బండెక్కుతుంది. నాకేమో మా ఆయనను విడిచి ఇంకొక్క రోజు కూడా ఉండాలని లేదు. సిగ్గులేదనుకున్నా సరే, నిజం అదే.

రిహార్సల్‌లో ఇంకో తంటా. మా ఇండ్లలో అల్లుడు నిలబడి ఉంటే మామ కూర్చోడు. సిపాయిని తాళ్లతో కట్టి తేగానే సేనాపతి చటుక్కున లేచి నిలబడ్డాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాటకం నేర్పే కొమురెల్లి సారుకు ఒళ్లు మండి, ఆటనాడు నాయన నడుముకున్న పట్టుగుడ్డను వెనకనుంచి కుర్చీకి ముడేశాడు.

సాయంత్రం తెర లేచింది. ఆడవాళ్ల వరుసలో అత్తమ్మ పక్కన నేను. రాంచందర్‌ను కట్టి తెచ్చారు. నాయన లేచాడు. కుర్చీ కూడా లేచింది. ఆయన అటు తిరిగితే భటుడి తలపాగా ఎగిరిపోయింది, ఇటు తిరిగితే గుడ్డ మీద గీసిన కోటగోడ కూలింది. జనం పడీ పడీ నవ్వారు. ఎలాగో ముడి విప్పుకొని, నాయన ఆ కుర్చీని ఖైదీ ముందు వేసి, చేత్తో దులిపి, "కూసో అల్లుడా" అన్నాడు.

"మామా, నేను ఖైదీని" అని మా ఆయన గొణిగింది చివరి వరుస దాకా వినబడింది.

నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలో అత్తమ్మ లేచి నిలబడింది. నా నవ్వు అక్కడే చచ్చింది.

"అన్నా, వాడు కావలి ఉండి పండుకున్నడా లేదా?" అని అడిగింది.

"పండుకున్నడు చెల్లె" అన్నాడు సేనాపతి.

"మరి కుర్చీ ఏస్తవేంది? నా కొడుకని చూడకు. శిక్ష ఎయ్యి."

నాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సిపాయీ, నిన్ను క్షమించడం నాకు సులభం. దయగలవాడన్న పేరు కూడా నాకే వస్తుంది. కానీ నీ మీద నమ్మకంతో ఈ కోటలో పసిపిల్లలు నిద్రపోయారు. వాళ్లను అడగకుండా నిన్ను క్షమించే హక్కు నాకెక్కడిది? నీ వీపు మీద పడే ప్రతి దెబ్బా నాకూ తగులుతుంది. అయినా ఆపను."

ఆ చివరి మాట అల్లుడి వైపు చూడకుండానే అన్నాడు. అది నటన కాదని నాకు తెలుసు. జనం నవ్వడం మానేశారు. గోనెతాడు కొరడా ఇరవైసార్లు లేచింది, మా ఆయన ముప్పైసార్లు అరిచాడు.

తెర పడగానే నాయన రంగు మొహంతోనే వచ్చి అత్తమ్మ ముందు చేతులు జోడించాడు. "తప్పయింది చెల్లె. నా బిడ్డ మీద కోపం పెట్టుకోకు."

"కోపమెందుకన్నా? ఇయ్యాల అల్లుడని చూడకుండ శిక్ష ఏసినవ్. రేపు మా ఇంట్ల వాడు నీ బిడ్డ నిర్మలను బాధపెడితే, నేను గూడ కొడుకని చూడ. మాటిస్తున్న."

నాయన ఏడ్చేశాడు. రంగంతా మీసాల మీదికి కారింది. అత్తారింటికి పోయే పిల్ల కూడా ఏడవాలి, ఇంకో నాలుగు రోజులు ఉంటానని బతిమాలాలి. నేను మాత్రం అత్తమ్మ చెయ్యి పట్టుకుని, "పొద్దుగాల మొదటి బండికే పోదాం అత్తమ్మా" అన్నాను.