పొడుగు గింజలు

ధాన్యం గోదాముల్లో గింజలు కిందికి దింపే వాలు రేకులు తయారుచేసే కంపెనీ అది. అక్క అక్కడ పెద్ద ఆఫీసరు, చెల్లెలిది ఆమె కిందే పని. రేకును ఎంత వాలుగా పెడితే గింజలు ఆగకుండా జారతాయో ముందే కంప్యూటర్లో జార్చి చూడడం చెల్లెలి ఉద్యోగం.

ఈసారి కొనేవాళ్ళవి పొడుగు గింజలు.

"గుండ్రటివి పెట్టెయ్యవే. రేపటికి వీడియో కావాలి," అంది అక్క.

"గుండ్రటివి దొర్లిపోతాయక్కా. పొడుగువి ఒకదాన్నొకటి రాసుకుని అడ్డం పడతాయి. ఆ లెక్క తేలడానికి వారం పడుతుంది."

"గింజ గింజే. నీ చాదస్తం ఇంట్లో పెట్టుకో."

చెల్లెలు గుండ్రటివే పెట్టింది. తెరమీద గింజలు నీళ్ళలా జారాయి. మీటింగులో అక్క ఆ వీడియో చూపిస్తూ గలగలా మాట్లాడింది. కొనడానికొచ్చిన పెద్దాయన అంతా విని, వెంట తెచ్చిన సంచీ విప్పి, మూలనున్న నమూనా రేకుమీద గింజలు కుమ్మరించాడు. అవి సగందాకా వచ్చి, కట్టెలమోపులా బిగుసుకున్నాయి. వేలితో పొడిచినా కదల్లేదు.

యజమాని అక్కవైపు చూశాడు. అక్క చెల్లెలివైపు చూసింది.

"పొడుగువే పెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను సార్. సొంత చెల్లెలని నెత్తిన పెట్టుకున్నందుకు నా తలే వంచింది."

చెల్లెలు నోరు తెరిచేలోపే, "నువ్వు బయట కూర్చో," అన్నాడు యజమాని. చిన్నప్పుడూ అంతే. గ్లాసు పగలగొట్టేది అక్క, వీపు చిట్లేది చెల్లెలికి. సాయంత్రానికి ఉద్యోగం ఊడింది.

"పోనీలే, అక్క జీతమే పెద్దది, దాని ఉద్యోగం నిలబడింది చాలు," అంది అమ్మ రాత్రి ఇంట్లో కంచాలు పెడుతూ. "నువ్వు ఇంటిపట్టున ఉంటే నా మోకాళ్ళకీ సుఖం."

అక్క వచ్చి చెల్లెలి పక్కనే కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఏమే, పొడుగు గింజల లెక్క ఈసారి నన్నే చేసి చూపించమన్నారు. నాకా కంప్యూటర్లో ఓనమాలు రావు. తప్పితే నన్నూ పంపేస్తారట. గింజకీ గింజకీ మధ్య రాపిడి ఎంత పెట్టాలి?"

చెల్లెలు అన్నం కలుపుతూనే చెప్పింది.

"సున్నా పెట్టు. ఇక తెరమీద ఎక్కడా ఆగవు."

"అంతేనా?"

"అంతే అక్కా."

"నా తల్లే!" అని అక్క తన కంచంలోంచి మెత్తటి ముక్క ఏరి చెల్లెలి కంచంలో వేసింది. చెల్లెలు దాన్ని నిదానంగా నమిలి మింగింది.