ఒకటి పక్కన రెండు

అక్క వరండాలో బట్టలు ఆరేస్తోంది. బయట వాన. పైకప్పు కింద కట్టిన తీగ మీదే అన్నీ సర్దాలి. ఆ తీగని అక్క ఎత్తుకు తగ్గట్టు కట్టారు. ఇంట్లో మిగతా ఇద్దరికీ స్టూలు ఎక్కితే తప్ప అందదు. రోజూ రెండు చేతులతో దుప్పటిని ఒక్క విసురున తీగ దాటించే మనిషి, ఇవాళ కుడిచేత్తోనే తంటాలు పడుతోంది. క్లిప్పులు పళ్ల మధ్య ఉన్నాయి. ఎడమచెయ్యి నడుం దగ్గరే ఉండిపోయింది.

కుట్టుమిషను ముందు కూర్చున్న చిన్నది అది చూసింది. చూసి ఊరుకుంది. ఆ ఇంట్లో మాట్లాడే పని అమ్మది, చూసే పని చిన్నదానిది.

"ఏమే పెద్దదానా, మ్యాచి పెట్టుకుని ఈ చాకిరీ ఏంటే నీకు?" అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. తలుపుకి తాళం వేస్తూ ఆ తాళంతో కూడా నాలుగు ముక్కలు మాట్లాడి గానీ గడప దిగదు. "ఎదురింటావిడకి చెప్పొచ్చాను, సాయంత్రం నేనూ వస్తున్నానని. ముందు వరస టిక్కెట్టు. గోల్‌పోస్టు వెనకాలే!"

"పద్నాలుగేళ్లలో ఒక్కసారైనా వచ్చావా?" అంది అక్క, క్లిప్పు తియ్యకుండానే.

"నువ్వు గోల్స్ తింటుంటే చూడ్డానికా? తొమ్మిది తిన్నావు చూడు, ఆ మర్నాడు కూరగాయల కొట్టుకి కూడా మొహం చాటేశాను. ఇవాళ గెలుపు చూడ్డానికి వస్తున్నా."

అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. ప్రపంచ పోటీలకి అర్హత సంపాదించే గ్రూపుల్లో అక్క ఇదివరకు మూడుసార్లు దేశం తరఫున ఆడింది. మూడుసార్లూ జట్టు అట్టడుగునే. ఇది నాలుగోసారి. గ్రూపులో నాలుగు దేశాలు, ఒక్కొక్కరితో రెండేసి ఆటలు, పైన నిలిచిన ఇద్దరికే ప్రవేశం. అయిదు ఆటలయ్యేసరికి వీళ్లది రెండో స్థానం. ఇవాళ ఆఖరిది, సొంత ఊళ్లో. డ్రా చేసుకున్నా చాలు. ఈ అయిదు ఆటల్లో గోల్‌కీపరుగా అక్క వదిలింది రెండంటే రెండు గోల్స్. ఊరంతా ఆమెని 'గోడ' అంటోంది. మామూలు రోజుల్లో ఆ గోడ పార్సెళ్ల గోదాములో లారీ మీంచి విసిరే పెట్టెలు పట్టుకుంటుంది. గాజుసామాను లారీ వస్తే అందరూ పక్కకి తప్పుకుని ఆమెనే పిలుస్తారు. వయసు ముప్పయ్యారు. మళ్లీ ఇలాంటి గ్రూపు రావాలంటే నాలుగేళ్లు ఆగాలి.

అమ్మ వెనక గదిలోకి వెళ్లగానే అక్క వంటింటి తలుపు చట్రం మధ్యకి వచ్చి నిలబడింది.

"చిన్నదానా, ఆ గుడ్డపేలికల ఉండ విసురు. నాకు ఎడమవైపు, పై మూలకి."

చిన్నది విసిరింది. అక్క ఒళ్లు మెలితిప్పి కుడిచేత్తో అందుకుంది.

"ముద్దుగా కాదు. నా మీద కోపం ఉన్నట్టు విసురు."

రెండోది వేలికొసలకి తగిలి కింద పడింది. మూడోసారి అక్క ఎడమచెయ్యి భుజం ఎత్తు దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ఉండ ఆమె తల పక్కనుంచి దూసుకెళ్లి, లోపలి అరలో గ్లాసుల్ని దడదడా రాల్చింది.

"గోల్," అంది అక్క.

"ఎప్పట్నించి?" అంది చిన్నది.

"మొన్నటి ఆటలో భుజం పోస్టుకి కొట్టుకుంది. తగ్గుతుందిలే అనుకున్నా."

"నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని ఆడెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"బంతికి తెలుస్తుంది."

అక్క తన గదిలోకి వెళ్లి కోచ్‌కి ఫోన్ చేసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తన ఆకుపచ్చ జెర్సీ ఉంది. దాన్ని మిషను మీద వీపు పైకి వచ్చేలా పరిచింది.

"ఒకటి పక్కన రెండు కుట్టగలవా?"

చిన్నదానికి అర్థమైంది. పన్నెండు పిచ్చుక నంబరు. పిచ్చుక అంటే రెండో గోల్‌కీపరు. పందొమ్మిదేళ్ల పిల్ల, బక్కపలచన, ఒక్కచోట కుదురుగా నిలబడదు. రెండేళ్లుగా గోదాము పనయ్యాక అక్కే దానికి ఆట నేర్పుతోంది. దాని జెర్సీ పసుపు. ఇవాళ్టి ప్రత్యర్థులదీ పసుపే. గోల్‌కీపరు అదే రంగు వేసుకుంటే రిఫరీ ఒప్పుకోడు. వేరే రంగు గోల్‌కీపరు జెర్సీ జట్టు మొత్తానికి ఇదొక్కటే.

గ్లాసుల చప్పుడుకి వచ్చిన అమ్మ కూడా ఆ మాట విన్నది.

"పిచ్చుకా? ముక్కు తుడుచుకోవడం రాదు దానికి! ఎవరు నేర్పమన్నారే నిన్ను? కూర్చున్న కొమ్మ నువ్వే నరుక్కున్నావు కదే!"

"బాగా ఆడుతుందమ్మా."

"చేతికందింది నోటికందకుండా చేసుకుంటావా? ఒంటిచేత్తో అయినా దానికంటే నువ్వే మేలు!"

"ఒంటిచేత్తో బట్టలు ఆరెయ్యొచ్చు. అది కూడా ఇవాళ గంట పట్టింది."

అమ్మ వంటింటి వైపు తిరిగింది. "అయితే నేను రాను. అక్కడ నాకెవరున్నారని చూడ్డానికి?"

అక్క కింద పడ్డ గ్లాసులు ఒక్కొక్కటే ఏరి అరలో పెట్టడం మొదలుపెట్టింది.

"ఒకటి సరిగ్గా మధ్యలో ఉందక్కా," అంది చిన్నది. "పక్కకి జరిపితే గానీ రెండుకి చోటు రాదు."

"జరుపు."

చిన్నది బ్లేడు తీసుకుని కుట్లు విప్పింది. తెల్ల అంకె ఊడొచ్చింది. దాని కింద గుడ్డ కొత్తదానిలా ముదురాకుపచ్చగా ఉంది. చుట్టూ ఉన్నదంతా రెండేళ్ల ఎండకీ ఉతుకులకీ వెలిసిపోయింది. ఆ మచ్చ కప్పేలా రెండు అంకెని వెడల్పుగా కత్తిరించింది. అయినా పూర్తిగా కప్పడం కుదరలేదు. దూరం నుంచి చూసేవాళ్లకి పన్నెండే. దగ్గరికొచ్చి చూస్తే మాత్రం పాత ఒకటి ఇంకా నిలబడే ఉంది.

ఆఖరి దారం తెంపుతుండగా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి జెర్సీ లాక్కుంది. అమ్మ. ఈ మిషను మొదట అమ్మదే, చిన్నదానికి పని నేర్పిందీ అమ్మే. జెర్సీ అంచు పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"పిచ్చుక వేసుకుంటే గుడారంలా ఉంటుంది. పక్కలు రెండేసి అంగుళాలు లోపలికి పట్టు," అంది, ఎవరి మొహమూ చూడకుండా. "చంక దగ్గర ముట్టుకోకు. చెయ్యి పైకి లేవాలి."

చిన్నది పక్కలు పట్టింది. అక్క జెర్సీ మడిచి సంచిలో పెట్టుకుంది. దాని పక్కనే తన పాత గ్లవ్స్ కూడా పెట్టుకుంది.

"అవెందుకు?" అంది చిన్నది.

"ఆటకి ముందు దాని చెయ్యి వేడెక్కాలి కదా. బంతులు విసరాలి. కుడిచెయ్యి ఉందిగా నాకు." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "వెళ్లొస్తానమ్మా," అంది.

అమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుంది. అక్క వానలోకి దిగింది. భుజం నొప్పి ఉన్న మనిషిలా నడవలేదు. లారీ వస్తే గోదాములో ఎలా వెళ్తుందో అలాగే వెళ్లింది.

చిన్నది మిషను చుట్టూ పడ్డ దారప్పోగులు ఊడ్చింది. స్టూలు ఎక్కి తడి ఆరని బట్టల్ని ఎడం ఎడంగా జరిపింది. అక్క ఒంటిచేత్తో వేసిన దుప్పటి ఒకవైపుకి జారి ఉంది. దాన్ని సర్ది కిందికి దిగేసరికి, లోపల గోడగడియారం కదిలిన చప్పుడైంది.

గడియారం వెనక దాచిన టిక్కెట్టు అమ్మ చేతిలో ఉంది. చెప్పులు వేసుకుంది. మూలనున్న గొడుగు తీసుకుంది.

"అమ్మా?" అంది చిన్నది.

అమ్మ గొడుగు విప్పుకుని, మాట్లాడకుండా గడప దిగి వెళ్లిపోయింది.