టైరు మీద సుద్దగీత

క్రేను కొక్కెం తన ట్రాలీ ఆటోను ఎత్తుతుంటే, ఏసుపాదం జ్వరంతో వణుకుతూ బనీనుతోనే తెనాలి రోడ్డు మీదికి పరుగెత్తి చేతులు జోడించాడు.

"రెండ్రోజులు జ్వరమండి. లేకపోతే రోజూ కొల్లూరు అరటిగెలలకి పోతానండి."

"టైరు మీద మా గీత కదల్లేదు. కదలని బండి దిక్కులేని బండే," అన్నాడు పూర్ణచంద్రరావు. వీధుల్లో నిలిచిపోయిన బళ్లను ఎత్తుకుపోయే మున్సిపాలిటీ కాంట్రాక్టు అతనిదే. "పైగా గీత చుట్టూ పూరేకులు కూడానా! ఎవరమ్మా ఆ కళాకారిణి?"

వెంట ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

రేకులు వేసింది ఏసుపాదం భార్య అనుపమ. పెళ్లయి నెల. తొట్టిలో గెలల పక్కన కూర్చుని లంకగాలి పీలుస్తూ రావడం ఆమెకు పండగ. టైరు మీద సుద్దగీత కనబడితే ఎవరో ముచ్చటపడి గీశారనుకుని పువ్వు చేసింది. అది ఎత్తుకుపోయే గుర్తని తెలియదు.

సాయంత్రం ఆటో యూనియన్ షెడ్డులో చేరిన పేటవాళ్లలో ఒక పెద్దాయన అర్జీ రాద్దామన్నాడు.

"అర్జీ వద్దు బాబాయ్. ఆ పూర్ణచంద్రరావు గేటు ముందు రోడ్డు మీద రెండు కార్లు ఎన్నాళ్లుగా ఉన్నాయి?" అంది అనుపమ.

"చక్రాల కింద గడ్డి మొలిచిందే!" అంది ఇడ్లీబండి సుబ్బాయమ్మ.

"అయితే మనమూ గీద్దాం పిన్నీ. నా మొగుడు చేతులు జోడించి నిలబడ్డట్టే వాడూ నిలబడాలి. అది నేను చూడాలి."

క్రేను డ్రైవరు అంద్రెయ లేచాడు. అతనిదీ ఆ పేటే. "మీ బళ్లెత్తి మీకు మొహం చూపించలేక చస్తున్నానమ్మా. మీరు గీయండి. ఎత్తేది నేను."

ఆ కార్ల టైర్ల మీద వాళ్లు గీసిన గీత రెండు రోజులైనా కదల్లేదు. మూడోరోజు పట్టపగలు, పేటంతా చూస్తుండగా, మొదటి కారు గాల్లోకి లేచింది.

పూర్ణచంద్రరావు లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఒరే అంద్రెయా, నా కారురా అది!"

"మరి కదల్లేదు కదండీ," అన్నాడు అంద్రెయ.

"అమ్మా, మీరైనా చెప్పండమ్మా!" పూర్ణచంద్రరావు ఆడవాళ్లకేసి తిరిగి చేతులు జోడించాడు.

అనుపమ ఆ చేతులను తనివితీరా చూసింది. జాలి కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు.

"ఇంకోటి కూడా ఉంది, అన్నా," అంది అంద్రెయతో.

ఇంతలో పోలీసులొచ్చి అంద్రెయను జీపెక్కించారు. కారు మాత్రం కొక్కేనికి వేలాడుతూనే ఉంది. అంద్రెయను వదిలి, ఏసుపాదం ట్రాలీని తిరిగి తెచ్చిచ్చేదాకా లేచేది లేదని జనం చుట్టూ బైఠాయించారు.

కారును దించడానికి రమ్మని ఎస్సై, బాపట్లలోని క్రేను డ్రైవరుకు ఫోను చేశాడు. సంగతి వినగానే అతను పెట్టేశాడు. రేపల్లె డ్రైవరుకు చేశాడు. స్పీకర్లో ఆ గొంతు అందరికీ వినిపించింది.

"ఎత్తడమైతే వచ్చు సార్. దించడం ఇవాళ మాలో ఎవరికీ రాదండి."